ఎదురుచూపుకు కూలి ఎవరిస్తారు?

పది పదిహేనేళ్ల క్రితం వరకూ తెల్లవారుజామున కృష్ణానగర్ వీధుల్లో నడిస్తే తెలుగు సినిమా పరిశ్రమ ఎట్లా నడుస్తుందో ఒకరు చెప్పనవసరం లేకుండానే అర్థమయ్యేది. టీ బండ్ల దగ్గర, ఇంకా తెరవని షాపుల మెట్ల మీద ఆడవాళ్లూ మగవాళ్లూ గుంపులుగా కూర్చుని ఉండేవాళ్లు. భుజాన ఒక సంచి, సంచిలో రెండు చీరలు, పౌడరు డబ్బా, దువ్వెన. ఏజెంటు వచ్చి వేలు చూపించినవాళ్లు వ్యానెక్కేవాళ్లు. మిగిలినవాళ్లు ఇంటిదారి పట్టేవాళ్లు. ఆ గుంపు ఇప్పుడు పలచబడింది. దానర్థం పని కోసం ఎదురుచూసేవాళ్లు తగ్గారని కాదు. ఎదురుచూపు వీధిలోంచి ఇంట్లోకి, పొయ్యి పక్కన పెట్టుకున్న ఫోనులోకి మారింది.

జూనియర్ ఆర్టిస్టుగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఒక స్త్రీ ఆ మార్పును నాకిట్లా చెప్పింది: "ఇదివరకు ఆరింటికి వ్యాను వెళ్లిపోతే ఇవాళ పని లేదని తెలిసిపోయేదమ్మా. ఇంటికొచ్చి ఇంకో పని చూసుకునేదాన్ని. ఇప్పుడు రాత్రి పన్నెండయినా మెసేజీ వస్తుందేమోనని చూస్తూనే ఉండాలి. రెండు నిమిషాలు ఆలస్యంగా చూస్తే చోటు నిండిపోయిందంటారు." ఆమె చెప్పిన ఆ రెండు నిమిషాల గురించే ఈ సంచికలో మాట్లాడదలచుకున్నాను.

కంపెనీల భాషలో దీనికి పెద్ద పేరే ఉంది. డిజిటల్ మానవ వనరుల నిర్వహణ. మనుషులను పనిలోకి తీసుకోవడం, హాజరు వేయడం, పనితీరుకు మార్కులివ్వడం, జీతం చెల్లించడం, చివరికి తీసేయడం కూడా కంప్యూటరు ద్వారా, ఫోను ద్వారా జరగడమే అది. దీనివల్ల ఉద్యోగుల ఉత్పాదకత పెరుగుతుందని మేనేజ్‌మెంటు పుస్తకాలు చెప్తాయి. కొండ అవతల హైటెక్ సిటీలో ఈ మాటలు ఎప్పటినుంచో వినబడుతున్నాయి. కొండ ఇవతల, జూబ్లీహిల్స్ బంగళాల్లోని నిర్మాణ సంస్థల ఆఫీసుల్లోకి, గ్రాఫిక్స్ కంపెనీల్లోకి కూడా వచ్చేశాయి. షూటింగు దగ్గరికొచ్చేసరికి ఈ ఆధునిక పద్ధతికి పేద చుట్టం ఒకటి ఉంది. అదే వాట్సాప్ గ్రూపు. ఏజెంటు, కోఆర్డినేటరు, ప్రొడక్షన్ మేనేజరు - ఈ ముగ్గురి చేతుల్లో ఉన్న ఫోన్లే వేలమంది దినకూలీలకు నియామక విభాగం, హాజరు పట్టీ, జీతాల శాఖ.

అసలు "మానవ వనరు" అనే మాటలోనే ఒక చూపు ఉంది. బొగ్గు వనరు, నీళ్లు వనరు, మనిషీ వనరే. అవసరమైనప్పుడు తీసుకోవచ్చు, అవసరం లేనప్పుడు అక్కడే పడి ఉంటుంది. కానీ బొగ్గుకు పిల్లలుండరు. పొద్దున నాలుగింటికి లేచి వండిపెట్టి రావలసిన అవసరం బొగ్గుకు లేదు.

ఉత్పాదకత అంటే చివరికి ఒక భాగహారం. పైన ఉత్పత్తి, కింద దానికి పట్టిన శ్రమ గంటలు. ఈ లెక్కలో ఫలితం పెరగాలంటే రెండు దారులు. ఎక్కువ ఉత్పత్తి చేయడం ఒకటి. కింది అంకెను తగ్గించి రాయడం రెండోది. మొదటిదానికి మంచి పనిముట్లు, నైపుణ్యం, విశ్రాంతి కావాలి. రెండోదానికి లెక్క రాసే అధికారం ఒక్కటుంటే చాలు. ఫిలింనగర్‌లో ఫోను ఈ రెండు పనులూ చేస్తోందని నా అభిప్రాయం. మొదటిదాన్ని కాదనలేం. రెండోదాన్ని గురించి ఎవరూ మాట్లాడడం లేదు.

ముందు మంచినే చెప్పుకుందాం. కూలి డబ్బులు నేరుగా ఫోనుకు వస్తే ఎంత వచ్చింది, ఏ రోజు వచ్చింది అన్నది రాతపూర్వకంగా ఉంటుంది. ఇదివరకు ఏజెంటు చేతిలో పెట్టిందే కూలి, అతను పట్టుకున్నదే కమిషన్. ఎంత పట్టుకున్నాడో అడిగితే మర్నాడు వ్యానులో చోటుండేది కాదు. షూటింగు ఎక్కడో ముందే తెలియడం వల్ల ఆడపిల్ల ఇంట్లో చెప్పి వెళ్లగలుగుతోంది. లొకేషన్ స్నేహితురాలికి పంపగలుగుతోంది. రాత్రిపూట వచ్చిన వెకిలి మెసేజీ ఇదివరకటి వెకిలి మాటలాగా గాలిలో కలిసిపోదు, సాక్ష్యంగా మిగులుతుంది. స్త్రీలు సాంకేతికతకు వ్యతిరేకులని ఎవరన్నా అంటే అది అబద్ధం. కుట్టుమిషను నుంచి సెల్‌ఫోను దాకా చేతికందిన ప్రతి పనిముట్టునూ స్త్రీలు తమ బతుకు కోసం వాడుకున్నారు. పేచీ పనిముట్టుతో కాదు, అది ఎవరి చేతిలో ఉంది, ఏమి లెక్కపెడుతోంది, ఏమి లెక్కపెట్టడం లేదు అన్నదానితో.

ఫోను లెక్కపెట్టనిది ఎదురుచూపును. ఇదివరకు ఏజెంటు ముందురోజే కొంతమందికి మాట చెప్పి, కొందరిని అదనంగా రమ్మని, రానివాళ్ల ఖర్చును తను భరించేవాడు. ఇప్పుడు వందమందికి ఒకేసారి మెసేజీ పంపితే ముందు జవాబిచ్చిన ఇరవై మందిని తీసుకోవచ్చు. నిర్మాతకు ఇది నిజంగానే సామర్థ్యం. ఒక్క మనిషి గంట కూడా వృథా కాలేదు. కానీ మిగిలిన ఎనభై మంది రాత్రంతా ఫోను దగ్గర పెట్టుకుని కూర్చున్న గంటలు ఎక్కడికి పోయాయి? అవి కూలి లెక్కలోంచి కుటుంబం లెక్కలోకి జారిపోయాయి. అక్కడ ఎవరూ లెక్క రాయరు. ఇంటిచాకిరీ విషయంలో స్త్రీవాదులు ఎప్పటినుంచో చెప్తున్న మాటే ఇది. కూలి లేని శ్రమ మీద కూలి ఉన్న శ్రమ నిలబడి ఉంటుంది. కొత్త యంత్రం ఆ పాత ఏర్పాటును రద్దు చేయకపోగా దానికి ఇంకొంచెం చోటు కల్పించింది.

ముందు జవాబిచ్చేది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు ప్రభుత్వం వారి అంకెల్లోనే ఉంది. 2024లో జరిగిన కాల వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో కూలి లేని ఇంటిపని చేసే స్త్రీలు దాని మీద రోజుకు సగటున 289 నిమిషాలు ఖర్చుపెడుతున్నారు. ఆ పనిలో చేయి పెట్టే పురుషులు 88 నిమిషాలు. 2019 సర్వేలో ఇవి 299, 97. అయిదేళ్లలో స్త్రీలకు పది నిమిషాలు తగ్గాయి, పురుషులకు తొమ్మిది తగ్గాయి. అంటే మధ్యనున్న అగాధం ఒక్క నిమిషం పూడింది. చేతులు పిండిలోనో సబ్బునీళ్లలోనో ఉన్న మనిషి, పడక మీద ఫోను పట్టుకుని పడుకున్న మనిషి ఒకే వేగంతో జవాబివ్వగలరా? ఫోనుకు స్త్రీ పురుష భేదం తెలియదంటారు. తెలియకపోవడమే దాని తప్పు. అసమానమైన ఇళ్లలోకి సమానంగా మోగే గంట అసమానతనే పెంచుతుంది.

ఇంకో ప్రశ్న. ఆ ఫోను ఎవరిది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తాము సొంతంగా వాడుకునే సెల్‌ఫోను ఉందని చెప్పిన స్త్రీలు దేశంలో దాదాపు 54 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న స్త్రీలు మూడింట ఒక వంతు. ఆ తర్వాత ఫోన్లు పెరిగి ఉంటాయి, నిజమే. అయినా ఇంట్లో ఉన్న ఒకే మంచి ఫోను భర్త దగ్గరో చదువుకునే కొడుకు దగ్గరో ఉండటం జ్ఞానీ జైల్‌సింగ్ నగర్‌లో, దీన్‌దయాళ్ నగర్‌లో ఈనాటికీ కొత్త విషయం కాదు. పనికి పిలుపు భర్త ఫోనుకు వస్తుంది. వెళ్లాలా వద్దా అని తేల్చేది అతనే అవుతాడు. కూలి కూడా అతని ఖాతాలోనే పడుతుంది. "నా కష్టం ఆయన ఫోనులో టింగుమంటది" అని నవ్వుతూ చెప్పింది ఒకామె. నోట్ల రూపంలో చేతికి వచ్చినప్పుడు కనీసం చీర కొంగున ఒక యాభై ముడి వేసుకునేది. అంకెల రూపంలో వచ్చిన కూలికి కొంగుముడి ఉండదు.

2025 ఆగస్టులో ఫిలింనగర్ స్తంభించినప్పుడు ఈ విషయాలు చర్చకొస్తాయని ఆశపడ్డాను. దినకూలీల వేతనాలు 30 శాతం పెంచాలంటూ తెలుగు ఫిల్మ్ ఇండస్ట్రీ ఎంప్లాయీస్ ఫెడరేషన్ ఆగస్టు 4 నుంచి షూటింగులు ఆపేసింది. ఫిలింఛాంబరులో రోజుల తరబడి చర్చలు నడిచాయి. చివరికి ప్రభుత్వం జోక్యం చేసుకున్నాక ఆగస్టు 21న రాజీ కుదిరింది. తక్కువ కూలి ఉన్నవాళ్లకు మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం పెంచడానికి ఒప్పుకున్నారు. కార్మికుల పోరాటం లేకపోతే ఆ మాత్రం కూడా వచ్చేది కాదు. అందులో సందేహం లేదు.

కానీ చర్చల్లో నిర్మాతలు ముందుకు తెచ్చిన షరతులను మనం జాగ్రత్తగా చూడాలి. కాల్‌షీటు వేళల్లో వెసులుబాటు కావాలన్నారు. ఆదివారాలకు, సెలవులకు ఇచ్చే రెట్టింపు కూలిని కుదించాలన్నారు. యూనియన్ సభ్యత్వం లేనివాళ్లను కూడా పెట్టుకునే స్వేచ్ఛ కావాలన్నారు. ఈ మూడింటికీ ఒక ఉమ్మడి గుణం ఉంది. ఫోను ద్వారా మనుషులను పిలిచే పద్ధతి లేకపోతే ఇవేవీ ఆచరణలో సులువు కావు. ఏ వేళకైనా, ఏ రోజైనా, ఎవరినైనా అన్నది యంత్రం ఇచ్చే సౌలభ్యం. ఉత్పాదకత తగ్గిపోతోంది, తెలుగు సినిమా ఖర్చు పెరిగిపోతోంది అన్న వాదన ఆ సౌలభ్యం కోసమే. సినిమా ఖర్చులో అగ్రతారల పారితోషికాల వాటా ఎంత, లైట్లు మోసేవాళ్ల, జుట్టు దువ్వేవాళ్ల, గుంపులో నిలబడేవాళ్ల వాటా ఎంత అన్న ప్రశ్న వేయకుండానే ఈ వాదన ముగిసిపోతుంది. హీరో నాలుగు గంటలు ఆలస్యంగా వస్తే రెండువందల మంది ఎండలో నిలబడే ఉంటారు. ఆ రోజు ఉత్పాదకత పడిపోయింది ఎవరివల్ల? హాజరు యాప్ అందరి రాకనూ నిమిషాలతో సహా నమోదు చేయగలదు కదా, ఆ ఒక్కరి రాకను ఎందుకు నమోదు చేయదు?

యూనియన్లను కూడా అడగవలసింది ఉంది. 24 శాఖల్లో స్త్రీలున్నవి ఎన్ని? ఉన్నవాటిలో చర్చల బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు ఎందరు? శాతాల మీద జరిగిన బేరంలో రాత్రి షూటింగు తర్వాత ఇంటికి చేర్చే వాహనం, బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి ఎన్నోస్థానంలో ఉన్నాయి? మరుగుదొడ్డి లేక పొద్దుటినుంచీ నీళ్లు తాగకుండా నిలబడే డాన్సరు ఉత్పాదకత ఎంతుంటుందో ఏ సాఫ్ట్‌వేరూ లెక్క కట్టలేదు. ఒక మరుగుదొడ్డి చేసే మేలు పది యాప్‌లు చేయలేవు.

నియామకం సంగతి చూద్దాం. ఫోటో పంపండి, ఎత్తు రాయండి, రంగు రాయండి, "క్లాస్ లుక్", "మాస్ లుక్" అని గ్రూపుల్లో వచ్చే పిలుపులు చూస్తే పాత కుల, వర్ణ దృష్టి కొత్త తెర మీద ఎంత హాయిగా కుదురుకుందో అర్థమవుతుంది. పెళ్లి సీనుకు తెల్లగా ఉన్నవాళ్లు, మురికివాడ సీనుకు నల్లగా ఉన్నవాళ్లు. రేటు కూడా దాన్నిబట్టే. ఇదివరకు ఏజెంటు చూపులో ఉన్న వివక్ష ఇప్పుడు ఫోటోల వడపోతలోకి చేరింది. యంత్రం నిష్పాక్షికంగా ఉంటుందన్నది భ్రమ అని అమెజాన్ అనుభవమే చెప్తుంది. అభ్యర్థుల దరఖాస్తులను జల్లించడానికి ఆ సంస్థ ఒక ప్రోగ్రామును ప్రయోగాత్మకంగా తయారుచేసుకుంది. పదేళ్లుగా వచ్చిన దరఖాస్తులను చూపించి దానికి నేర్పారు. అవి ఎక్కువగా మగవాళ్లవి. అది స్త్రీల కళాశాల, స్త్రీల క్లబ్బు వంటి మాటలు కనబడితే మార్కులు తగ్గించడం నేర్చుకుంది. చివరికి ఆ ప్రోగ్రామును పక్కన పెట్టేశారని 2018 అక్టోబరులో బయటపడింది. గతాన్ని పాఠంగా చెప్తే యంత్రం గతాన్నే తిరిగి అప్పజెప్తుంది.

మన సినిమా రంగం గతం ఎట్లాంటిదో గుర్తు చేసుకుందాం. స్త్రీలు జుట్టు దువ్వవచ్చు గానీ మేకప్ వేయకూడదన్న నియమం ఈ దేశపు సినీ సంఘాల్లో దశాబ్దాల తరబడి నడిచింది. బొంబాయిలో ఒక మేకప్ కళాకారిణి దీని మీద పోరాడితే, అది రాజ్యాంగ విరుద్ధమని 2014 నవంబరు 10న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. నిన్నమొన్నటి దాకా సభ్యత్వ కార్డే ఇవ్వని చోట, ఆ కార్డుల జాబితానే కంప్యూటరులోకి ఎక్కించి "డేటా" అని పిలిస్తే అందులో స్త్రీ ఎక్కడ కనబడుతుంది?

ఇక భద్రత. 2018 ఏప్రిల్‌లో ఫిలింనగర్‌లోని ఛాంబరు ముందు ఒక నటి చేసిన నిరసనను దేశమంతా చూసింది. ఆమె పద్ధతి మీద జరిగినంత చర్చ ఆమె చెప్పిన విషయం మీద జరగలేదు. జూనియర్ ఆర్టిస్టులు, డాన్సర్లు బయటికి వచ్చి మాట్లాడారు. మహిళా సంఘాలు హైకోర్టుకు వెళ్లాయి. 2019లో తెలంగాణ ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. కమిటీ 2022 జూన్‌లో నివేదిక ఇచ్చింది. పొరుగున కేరళలో 2017లో వేసిన జస్టిస్ హేమ కమిటీ నివేదిక కూడా నాలుగున్నరేళ్లు బీరువాలో ఉండి 2024 ఆగస్టులో కొన్ని భాగాల తొలగింపుతో బయటికి వచ్చింది. ఆ వెంటనే మన నివేదికను కూడా ప్రచురించాలని ప్రముఖ నటి సమంత బహిరంగంగా కోరవలసి వచ్చింది. కార్మికురాలు ఏ నిమిషంలో సెట్లోకి వచ్చిందో ఆ నిమిషంలోనే కార్యాలయానికి తెలిసిపోయే కాలంలో, ఆమె చెప్పుకున్న బాధ ప్రజల ముందుకు రావడానికి మాత్రం ఏళ్లు పడుతోంది. సమాచారం ఎవరి వైపు వేగంగా ప్రవహిస్తుందో చూస్తే అధికారం ఎవరిదో తెలుస్తుంది.

2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ ఉండాలి. పని కోసం వెళ్లే చోటు, యజమాని పెట్టిన వాహనం కూడా పనిస్థలమే. ఒక్కో సినిమా నిర్మాణ యూనిట్ ఒక్కో సంస్థే కాబట్టి దానికి కమిటీ ఉండి తీరాలని కేరళ హైకోర్టు 2022 మార్చిలో చెప్పింది. అయితే వాట్సాప్ గ్రూపుతో పుట్టి, షూటింగుతో ముగిసిపోయే సంబంధంలో యజమాని ఎవరు? మెసేజీ పంపిన కోఆర్డినేటరా, డబ్బు వేసిన మేనేజరా, పోస్టరు మీద పేరున్న నిర్మాతా? గ్రూపులోంచి ఒక పేరు తీసేస్తే అది ఉద్యోగం నుంచి తొలగించడమే. దానికి నోటీసు లేదు, కారణం లేదు. ఫిర్యాదు చేసిన స్త్రీని శిక్షించడానికి ఇంతకంటే తేలికైన ఆయుధం ఇదివరకటి ఏజెంటుకు లేదు. అతను కనీసం ముఖం చూసి లేదనవలసి వచ్చేది.

ఇది సినిమావాళ్ల సమస్య మాత్రమే అనుకోకండి. జూబ్లీహిల్స్ రోడ్లు ఊడ్చే మున్సిపల్ కార్మికుల్లో ఎక్కువమంది స్త్రీలు. వాళ్ల హాజరుకు ముందు వేలిముద్రల యంత్రం వచ్చింది, తర్వాత ముఖాన్ని గుర్తించే యాప్ వచ్చింది. చీపురు పట్టీ పట్టీ గీతలరిగిపోయిన వేళ్లను యంత్రం గుర్తించనంటే తప్పు వేళ్లదే అయింది. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ పనుల్లో రోజుకు రెండుసార్లు ఫోటో తీసి యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేసినప్పుడు, సిగ్నలు లేని పల్లెల్లో పని చేసీ కూలి పోగొట్టుకున్నామని కూలీలు దేశమంతటా మొరపెట్టుకున్నారు. అదే జూబ్లీహిల్స్ ఇళ్లకు యాప్ ద్వారా వచ్చే బ్యూటీషియన్ల బతుకును ఒక చుక్కల వరుస నిర్ణయిస్తుంది. ఇటువంటి రేటింగులకూ జరిమానాలకూ వ్యతిరేకంగా 2021లో గురుగ్రామ్‌లో అర్బన్ కంపెనీ స్త్రీలు రోడ్డెక్కారు. మన దేశంలో యాప్ కార్మికుల తొలి పోరాటాల్లో అదొకటి. దాన్ని నడిపింది స్త్రీలు.

మరొక ప్రమాదం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. గుంపు సీనుకు ఇదివరకు అయిదువందల మంది కావాలంటే అయిదువందల కూళ్లు పుట్టేవి. ఇప్పుడు యాభై మందిని తీసి కంప్యూటరులో అయిదువేలు చేయవచ్చు. 2022లో అన్నపూర్ణ స్టూడియోలో వర్చువల్ ప్రొడక్షన్ వేదిక వచ్చింది. సాంకేతికంగా మన పరిశ్రమ సాధించిన ప్రగతికి గర్వపడదాం. కానీ తన శరీరాన్ని ఒకసారి కెమెరాకు ఇచ్చిన జూనియర్ ఆర్టిస్టుకు దాని మీద ఏ హక్కు మిగులుతుంది? హాలీవుడ్ నటుల సంఘం 2023లో 118 రోజులు సమ్మె చేసింది. గుంపులో నిలబడేవాళ్లను ఒక్కరోజు కూలికి స్కాన్ చేసి ఆ రూపాన్ని ఎప్పటికీ వాడుకోవాలని చూస్తున్నారన్నది సంఘం ఆరోపణల్లో ఒకటి. నిర్మాతలు దాన్ని తోసిపుచ్చారు. చివరికి కుదిరిన ఒప్పందంలో డిజిటల్ ప్రతిరూపానికి నటుల అనుమతి, ప్రతిఫలం ఉండాలన్న నిబంధనలు చేరాయి. కృష్ణానగర్‌లో గ్రూపుకు పంపిన ఫోటోలు ఎన్ని ఫోన్లలో ఉన్నాయో, ఎవరి కళ్ల ముందున్నాయో పంపినవాళ్లకే తెలియదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మనకు కొంత ఊరటనిస్తుందనుకుంటే, ఉద్యోగ అవసరాల కోసం సమ్మతి లేకుండానే వివరాలను వాడుకునే వెసులుబాటును ఏడో సెక్షన్ యజమానికి ఇచ్చింది. ఆడదాని శరీరం విషయంలో సమ్మతి అన్న మాటకు ఎంత విలువుందో మనకు వేరే చెప్పాలా?

చట్టం పూర్తిగా చేతులెత్తేయలేదు. రాతపూర్వకమైన ఒప్పందం లేకుండా సినీ కార్మికులను పెట్టుకోకూడదని 1981 చట్టమే చెప్పింది. 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లలో వృత్తి భద్రత కోడ్ ఆ పాత చట్టం స్థానంలోకి వచ్చింది. కార్మికులు పోరాడి సాధించుకున్న అనేక రక్షణలను ఈ కోడ్‌లు పలచబరిచాయన్న విమర్శతో నేను ఏకీభవిస్తాను. అయినా అందులో దృశ్య శ్రవణ కార్మికులకు ఒప్పందం ఉండాలన్న నియమం మిగిలింది. అది సినిమాకే కాక టెలివిజన్‌కూ వెబ్ సీరియళ్లకూ వర్తిస్తుంది. నలభై ఏళ్లుగా ఒప్పందం రాయకపోవడానికి చెప్పిన సాకు ఒక్కటే. రోజుకు వందలమంది, ఎవరితో రాస్తాం, ఎప్పుడు రాస్తాం? ఇప్పుడా సాకు చెల్లదు. ఒక్క నిమిషంలో వందమందిని పిలవగలిగిన ఫోను, అదే నిమిషంలో వందమందికి ఒప్పందం కూడా పంపగలదు.

కాబట్టి మన కోరికలు స్పష్టంగా ఉండాలి. పిలుపు మెసేజీలోనే కూలి ఎంత, ఎన్ని గంటలు, నిర్మాణ సంస్థ ఏది, అంతర్గత కమిటీ ఫోను నంబరు ఏది అన్నవి తెలుగులో ఉండాలి. రాత్రి ఒక వేళ దాటాక పిలుపులు రాకూడదు, జవాబుకు తగినంత గడువుండాలి. ఖాయమని చెప్పి రద్దు చేస్తే ఎదురుచూసినందుకు పరిహారం చెల్లించాలి. ఎవరి శ్రమకు వచ్చిన డబ్బు వాళ్ల సొంత ఖాతాలోనే పడాలి. ఖాతా లేనివాళ్లకు తెరిపించే బాధ్యత సంస్థదీ యూనియన్‌దీ. గ్రూపులోంచి తీసేస్తే కారణం చెప్పాలి, దాని మీద అప్పీలుకు ఒక చోటుండాలి. పంపిన ఫోటోలు పని అయ్యాక తుడిచేయాలి. శరీరాన్ని స్కాన్ చేస్తే దానికి వేరే అనుమతి, వేరే ప్రతిఫలం ఉండాలి. హాజరు నమోదు చేసే యంత్రం వచ్చిన వేళతో పాటు వదిలిన వేళను కూడా రాయాలి, ఆ లెక్క కార్మికురాలి ఫోనులో కూడా కనబడాలి. అన్నిటికంటే ముందు, ఈ నియమాలు రాసే చోట స్త్రీలుండాలి.

ఇవేవీ ఉత్పాదకతకు శత్రువులు కావు. రేపు పనుందో లేదో తెలిసిన మనిషి నిద్రపోతుంది. నిద్రపోయిన మనిషి బాగా పనిచేస్తుంది. ఇంటికి క్షేమంగా చేరతానన్న నమ్మకం ఉన్న డాన్సరు అడుగు తడబడదు. ఇది అర్థం కావడానికి సాఫ్ట్‌వేరు అక్కర్లేదు.

సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని కాబట్టి లెక్కల మీద నాకు గౌరవమే. కానీ లెక్క మొదలయ్యే ముందు, ఏది లెక్కించాలో ఎవరో ఒకరు నిర్ణయిస్తారు. ఆ నిర్ణయం ఇన్నాళ్లూ మన ప్రమేయం లేకుండా జరిగింది. ఈ సంచిక చదివే సోదరీమణుల్లో సినిమా పనికి వెళ్లేవాళ్లు, ఊడ్చేవాళ్లు, యాప్‌ల ద్వారా ఇళ్లకు వెళ్లి పనిచేసేవాళ్లు ఉన్నారు. మీకు నాదొక మనవి. ఒక నెలరోజులు చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. పనిచేసిన గంటలు ఒక వైపు, పని కోసం ఎదురుచూసిన గంటలు ఇంకో వైపు రాయండి. రాయడం రానివాళ్లు గీతలు గీయండి. మేము అవన్నీ పోగుచేసి ఫిలింఛాంబరుకూ ఫెడరేషన్‌కూ కార్మిక శాఖకూ తీసుకెళ్తాం. వాళ్ల దగ్గరున్న లెక్క ఒక్క వైపుదే. రెండో వైపు మన దగ్గరుంది. అది బల్ల మీద పెట్టిన రోజున ఆ రెండు నిమిషాల ధర ఎంతో మాట్లాడుకోవచ్చు.